‘గడియ’ సినిమా డైరీ: ఆటోనగర్‌లో లారీ పెట్టె, మిర్చి కోల్డ్ స్టోరేజీలో అడవి

నవంబర్ 9, గుంటూరు

ఆరో డ్రాఫ్ట్ ఇవాళ మధ్యాహ్నం ముగిసింది. 74 పేజీలు. బ్రాడీపేటలో మా మేడ మీద గది గోడంతా సీన్ల చీటీలే. అవి రాలిపోతాయని అమ్మ రెండు రోజుల నుంచి ఆ గదిలో ఫ్యాన్ కూడా వేయనివ్వడం లేదు.

కథ పెదనందిపాడు వైపు ఒక ఊళ్లో మొదలవుతుంది. కోటేశు, సుజాత, వాళ్ల తొమ్మిదేళ్ల కూతురు మల్లి. సొంత పొలం ముప్పాతిక ఎకరం, కౌలుకు మూడెకరాలు, మొత్తం మిరప. 2021లో నల్ల తామర పురుగు పడి పూత రాలిపోయింది. ఆ ఏడు మిరప వేసిన వాళ్లను మా జిల్లాలో ఎవరిని కదిపినా ఇప్పటికీ ఆ మాటే చెబుతారు. పువ్వు విప్పి చూస్తే లోపల పురుగులు పాకుతుండేవట. మందు మీద మందు కొట్టారు. కొందరు కాయ మీద ఆశ వదులుకుని చేను దున్నేశారు. కోటేశు అప్పు అక్కడ మొదలవుతుంది.

2022లో ఒక ఏజెంటు వస్తాడు. సెర్బియాకు వీసా అక్కర్లేదని, అక్కడి నుంచి ఆస్ట్రియా ఒక్క రాత్రి దారి అని చెబుతాడు. మొదటి సగం నిజమే. 2022 చివరి దాకా మన పాస్‌పోర్టుతో వీసా లేకుండా సెర్బియా వెళ్లి 30 రోజులు ఉండనిచ్చేవారు. 2023 జనవరి 1 నుంచి అది ఆగిపోయింది. ఆగిపోయేలోపు చాలామంది బెల్‌గ్రేడ్‌లో విమానం దిగి, ఉత్తరాన సరిహద్దులో హంగరీ కట్టిన కంచె వైపు నడిచారు. హంగరీ దాటితే ఆస్ట్రియా.

ఈ కథ చెప్పిన ప్రతిచోటా నన్ను ఒక ప్రశ్న అడుగుతున్నారు. మన గుంటూరు వాళ్లు ఆ దారిలో ఎందుకు వెళతారని. దొంగచాటుగా సరిహద్దులు దాటే ఆ ‘డంకీ’ దారుల్లో ఎక్కువగా నడిచింది పంజాబ్, హర్యానా, గుజరాత్ వాళ్లు. మన రాష్ట్రం నుంచి ఎక్కువగా వెళ్లేది గల్ఫ్‌కు, అది కూడా కడప వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి. నాకు తెలుసు. అయినా అప్పు లెక్క ఏ రాష్ట్రంలోనైనా ఒకటే. నాకు బాగా తెలిసిన అప్పు మిరప అప్పు. అందుకే మా వైపు కుటుంబాన్నే తీసుకున్నాను.

ఈ కథ నా తలలో పడ్డ రోజు గుర్తుంది. 2022 జనవరి 19న కెనడాలోని మానిటోబాలో, అమెరికా సరిహద్దుకు 12 మీటర్ల దూరంలో, మంచులో ఒక కుటుంబం చనిపోయి కనిపించింది. గుజరాత్‌లోని డింగుచా ఊరి వాళ్లు. తల్లి, తండ్రి, 11 ఏళ్ల కూతురు, 3 ఏళ్ల కొడుకు. గాలితో కలిపి చలి మైనస్ 35 డిగ్రీలు. ఆ వార్త చదివాక టేపు తీసుకుని మా గుమ్మం నుంచి కొలిచాను. 12 మీటర్లంటే మా గేటు దాటి, రోడ్డు దాటి, ఎదురింటి వాళ్ల అరుగు. అక్కడి నుంచి మా అమ్మ పిలిస్తే నాకు వినిపిస్తుంది.

నవంబర్ 17, గుంటూరు

లెక్క సీన్ మళ్లీ రాశాను. ఈ కుటుంబం ప్రమాదంలో కాలు పెట్టేది ఇక్కడే. మొగుడూ పెళ్లాం చాప మీద కూర్చుని మల్లి నోట్‌బుక్ వెనక అట్ట మీద కూడికలు వేసుకుంటారు. ముగ్గురికీ కలిపి ఏజెంటు అడిగింది 16 లక్షలు. ముప్పాతిక ఎకరం తనఖా పెట్టి, పుస్తెల తాడు తప్ప ఉన్న బంగారమంతా తాకట్టు పెడితే ఇంకా తొమ్మిది లక్షలు తక్కువ. అది నోటు మీద, నూటికి రెండు రూపాయల వడ్డీకి. నెలకు 18,000.

"అక్కడ నెలకు లక్షన్నర అంట. ఆరు నెలల్లో తీరిపోద్ది" అంటాడు కోటేశు.

"ఆ ఆరు నెలలూ మల్లి బడి?" అని సుజాత అడుగుతుంది. దానికి అతని దగ్గర జవాబు లేదు. పెన్ను మూత పెట్టేస్తాడు. సీన్ అంతే. పాత డ్రాఫ్టులో ఇద్దరూ ఏడ్చేవాళ్లు, అది తీసేశాను.

ఏజెంటు మాటలు సరిగా పట్టుకోవడానికి నిబంధనలు చదివాను. పదో తరగతి పాస్ కాని వాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) ముద్ర ఉంటుంది. అలాంటి వాళ్లు గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ముందుగా ఎమిగ్రేషన్ అనుమతి తీసుకోవాలి. రిజిస్టర్ అయిన ఏజెంటు తీసుకోదగ్గ సర్వీసు ఛార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. పనికి వెళ్లే వాళ్లకు 10 లక్షల బీమా కూడా ఉంటుంది. సెర్బియా ఆ 18 దేశాల జాబితాలో లేదు. పైగా వీళ్లు వెళ్లేది టూరిస్టులుగా. కాబట్టి దారిలో ఎక్కడా ‘ఏ పనికి, ఎవరి దగ్గరికి’ అని అడిగేవాళ్లు ఉండరు. ఏజెంటు దాన్నే గొప్పగా చెప్పుకుంటాడు: "ఏ ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు బావగారూ." ‘బావగారూ’ అన్న వరస కలపడం మా కో-రైటర్ పెట్టింది. ఆ ఒక్క పిలుపుతో ఏజెంటు ఇంట్లోవాడైపోయాడు.

కువైట్‌లో పదకొండేళ్లు ఇంటిపని చేసి వచ్చిన ఒకావిడకు ఎయిర్‌పోర్టు సీన్ చదివి వినిపించాను. నేను ముగ్గురి చేతుల్లోనూ బ్యాగులు పెట్టాను. ఆవిడ ఆపింది. "బ్యాగు ఎవరు పట్టుకుంటారమ్మా, ఫైలు పట్టుకుంటాం. రెండు చేతులతో, గుండెకి ఆనించి. బ్యాగు పోతే పోయింది, ఫైలు పోతే మనమే పోయినట్టు" అంది. వెంటనే మార్చాను.

నవంబర్ 28, విజయవాడ ఆటోనగర్

పెట్టె మొదలైంది. సినిమాలో నాకు అన్నింటికన్నా ముఖ్యమైన భాగం రిఫ్రిజిరేటెడ్ లారీ లోపల జరుగుతుంది. సినిమా పేరు ‘గడియ’ అని పెట్టింది అందుకే. తలుపుకు వేసే గడియ ఒకటి, కాలం లెక్కలో 24 నిమిషాల గడియ ఇంకొకటి. లారీ తలుపు పడ్డప్పటి నుంచి తెరుచుకునే దాకా తెర మీద సరిగ్గా 24 నిమిషాలు. కెమెరా ఆ పెట్టె బయటికి రాదు. డ్రైవర్ ముఖం చూపించను, రోడ్డు చూపించను, సరిహద్దు పోస్టు చూపించను. లోపలున్న వాళ్లకు ఏది తెలుస్తుందో చూసేవాళ్లకూ అంతే తెలియాలి.

లారీ బాడీలు కట్టే మేస్త్రి దగ్గరికి స్కెచ్ తీసుకెళ్లాను. లోపలి కొలత 20 అడుగుల పొడవు, 8 వెడల్పు, 7 ఎత్తు. గోడలకు కోల్డ్ స్టోరేజీల్లో వాడే పఫ్ ప్యానెల్, సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. నేలకు అల్యూమినియం చెకర్డ్ షీటు. తలుపుకు రబ్బరు బీడింగ్, బయట రెండు నిలువు రాడ్లు, వాటికి గడియలు. దీన్ని తుక్కు కింద అమ్మేసిన పాత లారీ చాసిస్ మీద కూర్చోబెడతాం. చక్రాలు లేవు కానీ కమాను పట్టీలు బాగున్నాయి, కాబట్టి ఊపితే లారీలాగే ఊగుతుంది. పొడుగు గోడల్లో ఒకటి మూడు ముక్కలుగా, బోల్టులు విప్పితే ఊడి వచ్చేలా ఉండాలి. కెమెరా పెట్టుకోవడానికి ఆ దారి కావాలి.

మేస్త్రి స్కెచ్ చాలాసేపు చూశాడు. లోపలివైపు కూడా ఒక గడియ కావాలని అడిగాను. ఆయన తలెత్తి, "అమ్మా, నలభై ఏళ్ల నుంచి కడుతున్నాను. సరుకు పెట్టెకి లోపల గడియ ఎవరూ అడగలేదు. సరుకు తలుపు తియ్యదు కదా" అన్నాడు.

ఆ మాట రాసుకున్నాను. సినిమాలో పెట్టను, చెప్పే మనిషి అందులో లేడు. కానీ ఈ భాగం ఎలా తీయాలో నాకు ఆ మాటతోనే తెలిసింది. లోపలి గడియను కెమెరాకు కనిపించకుండా కింద మూలన పెట్టమన్నాను. అది నటుల కోసం, పాత్రల కోసం కాదు.

డిసెంబర్ 6, ఆటోనగర్

పెట్టె నిలబడింది. నేల 160 చదరపు అడుగులు, అంటే 15 చదరపు మీటర్ల లోపు. ఈ కొలత ఊరికే పెట్టలేదు. 2015 ఆగస్టు 27న ఆస్ట్రియాలో పార్న్‌డోర్ఫ్ అనే ఊరి దగ్గర, హైవే పక్కన వదిలేసిన ఒక రిఫ్రిజిరేటెడ్ లారీలో 71 శవాలు దొరికాయి. 59 మంది మగవాళ్లు, 8 మంది ఆడవాళ్లు, నలుగురు పిల్లలు. ఇరాక్, అఫ్ఘానిస్తాన్, సిరియా, ఇరాన్ వాళ్లు. హంగరీ నుంచి బయలుదేరిన కొన్ని గంటల్లోనే ఊపిరాడక పోయారు. ఆ లారీలో సరుకు పెట్టే చోటు దాదాపు 14 చదరపు మీటర్లు. నాలుగేళ్ల తర్వాత, 2019 అక్టోబర్ 23న, ఇంగ్లండ్‌లోని ఎసెక్స్‌లో ఇలాంటి కంటైనర్‌లోనే 39 మంది వియత్నాం వాళ్లు చనిపోయారు.

ఇవాళ సాయంత్రం పని అయిపోయాక చుట్టుపక్కల షెడ్ల వాళ్లను బతిమాలాను. రెండు తలుపులూ బార్లా తీసి, పక్క గోడ విప్పేసి ఉంచి, ఒక్కొక్కరినీ ఎక్కమన్నాను. వెల్డర్లు, పెయింటర్లు, టీ ఇచ్చే కుర్రాడు. ఇరవై మంది దాకా కబుర్లు చెప్పుకున్నారు. ముప్పై దాటాక మాటలు ఆగిపోయాయి. 43వ మనిషి ఎక్కేసరికి ముందు వరుసలో ఒకతను "ఇంక చాలు మేడం" అన్నాడు. అప్పటికి ఎవరూ చేతులు పైకి ఎత్తలేని స్థితి. ఇంకా 28 మంది ఎక్కాలి. అందరినీ దించేశాను. టీ తాగుతున్నంత సేపూ అందరూ ఆ పెట్టె వైపే చూస్తున్నారు.

మా సినిమాలో లోపల ఉండేది 14 మంది. 71 మందిని తెర మీద చూపించే ధైర్యం నాకు లేదు, అవసరమూ లేదనుకుంటున్నాను. పద్నాలుగు ముఖాలైతే చూసేవాళ్లు ఒక్కొక్కరినీ గుర్తుపెట్టుకోగలరు.

డిసెంబర్ 9, ఆటోనగర్

గాలి పరీక్ష. మనిషి కదలకుండా కూర్చున్నా గంటకు సుమారు 15 నుంచి 20 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. మా పెట్టెలో పట్టేది 31 వేల లీటర్ల పైచిలుకు గాలి. దాన్ని కొలిచే మీటరు కొన్నాం. బయట 430 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో 430 పాళ్లు, చూపించింది. యూనిట్‌లో పెద్దవాళ్లం పద్నాలుగురం లోపల కూర్చుని తలుపు వేయించాం. లోపలి గడియ మీద నా చెయ్యి, బయట మేస్త్రి. పదో నిమిషంలో మీటరు 1,900 దాటింది. గది గాలి 1,000 దాటితేనే కిటికీలు తెరవమంటారు. తలుపు తీశాం. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ చెవుల దగ్గర వేడి, ఏదో విసుగు. సౌండ్ ఇంజినీర్ కుర్రాడు ఆవులిస్తూనే ఉన్నాడు. రబ్బరు బీడింగ్ మేం అనుకున్నదానికన్నా బాగా పట్టింది. ఆ లెక్కనే 24 నిమిషాలు ఉండిపోతే మీటరు 4,000 దగ్గరికి వెళ్లేది. 71 మంది లెక్క వేశాను, ఇక్కడ రాయడం ఇష్టం లేదు.

ఈ పరీక్ష తర్వాత మూడు నిర్ణయాలు తీసుకున్నాం. షూటింగ్‌లో బీడింగ్ ఉండదు, దాని బదులు నల్ల స్పాంజి పట్టీ. పైకప్పులో రెండు ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, టేక్‌కీ టేక్‌కీ మధ్య ఆగకుండా తిరగాలి. పాప లోపల ఉన్న ఏ షాట్‌లోనూ పక్క గోడ బిగించకూడదు.

డిసెంబర్ 15, తెనాలి

కోటేశు దొరికాడు. పద్యనాటకాలూ పరిషత్తు నాటకాలూ వేసిన నటుడు, 46 ఏళ్లు. మేం మాస్టారు అంటాం. మిరప కోతకు వెళ్లిన చేతులు, నేను వెతుకుతున్న ముఖం. ఒకటే చిక్కు, గొంతు. ముప్పై ఏళ్లుగా మైకు ఉన్నా లేకపోయినా చివరి వరుస దాకా వినిపించిన గొంతు అది. లారీలో మాటలన్నీ గుసగుసలే. మాస్టారు గుసగుసలాడితే పక్క గదిలో వినిపిస్తోంది.

చివరికి ఆయనే ఒక పద్ధతి కనిపెట్టారు. రాత్రి పడుకున్న వాళ్లమ్మగారి మంచం పక్కన కూర్చుని, ఆవిడ నిద్ర లేవకుండా తన డైలాగులన్నీ చెప్పుకోవడం. మొదటి మూడు రాత్రులు ఆవిడ లేచి "ఏంట్రా?" అన్నారట. నాలుగో రాత్రి లేవలేదు. ఐదో రోజు రిహార్సల్‌లో ఆయన "మల్లీ, నా చెయ్యి ఏదీ?" అన్నప్పుడు నేను వినడానికి ముందుకు వంగాల్సి వచ్చింది. థియేటర్లో జనం కూడా అలాగే వంగాలి.

మల్లిగా వేసే పాప నాలుగో తరగతి. పిల్లలతో షూటింగ్‌కు జిల్లా కలెక్టర్ అనుమతి కావాలి. రోజుకు ఐదు గంటలు మించకూడదు, విరామం లేకుండా మూడు గంటలు మించకూడదు, పాప పారితోషికంలో కనీసం 20 శాతం ఆమె పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. మా తక్కువ బడ్జెట్‌లో ఇవన్నీ ఎందుకని ఒకరిద్దరు అన్నారు. ఒక పిల్లను పెద్దవాళ్లు ప్రమాదంలోకి తీసుకెళ్లడం మీద సినిమా తీస్తూ ఆ పిల్ల విషయంలో అడ్డదారి తొక్కలేను. కాగితాలు పెట్టేశాం.

జనవరి 5, గుంటూరు, ఏటుకూరు రోడ్డు

ఇవాళ్టి గురించి ఎంత రాసినా తక్కువే.

సరిహద్దు దగ్గర అడవిలో రాత్రి. అక్టోబర్ నెల, చలి. నోటి ఆవిరి కనిపించాలి. మా జనవరి తెల్లవారుజాము 17, 18 డిగ్రీల్లో ఆవిరి రాదు. కంప్యూటర్లో పెట్టించే డబ్బు లేదు, పెట్టిన ఆవిరి ముఖానికి అంటుకోదు కూడా. గుంటూరు వాళ్లం, చలి కావాలంటే ఎక్కడికి వెళ్తాం? మిర్చి కోల్డ్ స్టోరేజీకి.

డిసెంబర్, జనవరి నెలల్లో ఏసీ సరుకు, అంటే చలిగదుల్లో నిలవ పెట్టిన మిర్చి, చాలావరకు మిర్చి యార్డుకు వెళ్లిపోతుంది, కొత్త కాయ వచ్చేదాకా కొన్ని ఛాంబర్లు ఖాళీగా ఉంటాయి. ఒక యజమాని మూడు రాత్రులకు ఒక ఛాంబర్ ఇచ్చాడు. లోపల 6 డిగ్రీలు. నల్ల గుడ్డలు కట్టి, వాటి ముందు సుబాబుల్ కొమ్మలు, జామాయిల్ మొదళ్లు నిలబెట్టాం. క్లోజప్‌లు మాత్రమే ఇక్కడ, నడకలు బయట. ఎల్‌ఈడీ లైటు వెనక నుంచి వేసి, టేక్‌కు ముందు ప్రతి నటుడికీ వేడి టీ తాగించాం. మాస్టారు ఊపిరి వదిలారు. తెల్లగా, ముఖం ముందు ఒక క్షణం నిలిచి పోయింది. మానిటర్ దగ్గర అందరం చప్పట్లు కొట్టాం.

తర్వాత దగ్గు మొదలైంది. ఛాంబర్ ఖాళీ, టిక్కీ (మిర్చి బస్తా) ఒక్కటీ లేదు, కానీ ఏళ్ల తరబడి తేజ రకం మిరపకాయ నిలవ ఉన్న గోడలు, చెక్క ర్యాకులు. మేం కొమ్మలు లాగుతుంటే సందుల్లోని కారం దుమ్ము లేచింది. కళ్లు మంటలు, తుమ్ములు, సౌండ్ మొత్తం పాడు. పక్క ఛాంబర్‌లో టిక్కీలు దించుతున్న హమాలీ పెద్దాయన వచ్చి చూసి, "తడిగుడ్డతో తుడవకుండా లోపలికి ఎట్టా వచ్చారమ్మా?" అని కోప్పడ్డాడు. తన మనుషులతో ర్యాకులు తుడిపించాడు. ముక్కు లోపల కొబ్బరి నూనె రాసుకోమని, బుగ్గన బెల్లం ముక్క పెట్టుకోమని చెప్పాడు. గంటన్నర పోయింది, కానీ ఆ తర్వాత పని సాగింది.

ఇంకో రెండు విషయాలు, ఇలాంటి చోట షూట్ చేసేవాళ్లకు పనికొస్తాయి. కెమెరాను చలిలోంచి నేరుగా బయటికి తెస్తే లెన్సు మీదా లోపలా చెమ్మ పడుతుంది. లోపలే గాలి తీసిన ప్లాస్టిక్ కవర్లో చుట్టి, బయటికి తెచ్చాక 40 నిమిషాలు విప్పకుండా ఉంచాం. బ్యాటరీలు మామూలు కన్నా చాలా త్వరగా దిగిపోయాయి. మిగతావి జేబుల్లో, ఒంటి వేడిలో పెట్టుకున్నాం. బ్లోయర్ల హోరుకు టేక్ సమయంలో వాటిని ఆపించాం, 20 నిమిషాలకు మించి ఆపనివ్వలేదు ఆపరేటర్. అతని మాట న్యాయమే, పక్కన రైతుల సరుకుంది.

రాత్రి పదకొండున్నరకు ఒక టేక్. కాపలా లైటు చెట్ల మీద తిరుగుతుంది, మల్లికి దగ్గు వస్తుంది, సుజాత కొంగు నోట్లో కుక్కుతుంది. పాపకు నిజంగానే దగ్గు వచ్చింది. ఆపుకుంది. కళ్ల నిండా నీళ్లు, మెడ నరం తేలింది. వెనక నుంచి ఎవరో "అబ్బ" అన్నారు. నేను కట్ చెప్పి పాపను ఎత్తుకుని బయటికి తీసుకొచ్చాను. వాళ్లమ్మ నీళ్లు పట్టించింది. పాప మామూలుగానే ఉంది, "బాగా చేశానా అక్కా?" అని అడిగింది. బాగా చేశావన్నాను. ఆ టేక్ వాడను. మళ్లీ తుడిపించి, రేపు నటనతోనే తీస్తాను.

జనవరి 6

తీశాం. మూడో టేక్ ఓకే. నిన్నటంత భయంకరంగా లేదు, నాకు ఇదే కావాలి.

జనవరి 11, ఆటోనగర్

పెట్టెలో నాలుగు రోజులు. సంక్రాంతికి అందరూ ఊళ్లకు వెళ్లేలోపు ముగించాలని పరుగు. జనరేటర్ ఇస్తానన్న మనిషి మొదటి రాత్రి రాలేదు, ఫోన్ తీయలేదు. పక్క షెడ్డు వాళ్లు కరెంటు ఇచ్చి కాపాడారు.

లోపల వెలుతురు సెల్‌ఫోన్లదే. ఛార్జి అయిపోతున్న కొద్దీ ఒక్కో ఫోన్ ఆరిపోతుంది, పద్దెనిమిదో నిమిషానికి ఒకటే మిగులుతుంది. బయట నలుగురు కుర్రాళ్లు పొడుగు పైపులు చాసిస్ కింద దోపి ఊపుతారు. మొదటి రోజు సముద్రంలో పడవలా ఊగింది. డ్రైవింగ్ తెలిసిన మేస్త్రి వచ్చి ఎక్కడ గేరు మారుతుందో, ఎక్కడ బ్రేకు పడుతుందో, మట్టి దారి నుంచి తారు రోడ్డు ఎక్కితే ఊపు ఎలా మారుతుందో నేర్పించాడు. అప్పటి నుంచి కుర్రాళ్లకు ఒక కాగితం రాసిచ్చాం: మూడో నిమిషం తారు రోడ్డు, ఏడో నిమిషం మలుపు, పదకొండో నిమిషం ఆగడం. పదకొండో నిమిషంలో లారీ ఎందుకు ఆగిందో లోపల ఎవరికీ తెలియదు. అంత నిశ్శబ్దంలో, తలుపు తీస్తారని అందరూ దాని వైపు చూస్తుండగా లారీ మళ్లీ కదులుతుంది. ఆ షాట్ తీసిన రోజు సుజాత వేషం వేసినావిడ పెట్టె దిగి, మా ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి ఫోన్ చేసి పిల్లలతో చాలాసేపు మాట్లాడింది.

ఫిబ్రవరి 3, దుగ్గిరాల దగ్గర

నడక సీన్లు. సెర్బియా ఉత్తర భాగం వోయివోదినా, చదునైన వ్యవసాయ భూమి, మొక్కజొన్న, పొద్దుతిరుగుడు. హంగరీ 2015లో ఆ సరిహద్దు వెంబడి 175 కిలోమీటర్ల కంచె కట్టింది. ఫొటోల్లో ఆ చేలు చూసినప్పుడే నాకు మా డెల్టా గుర్తొచ్చింది. వరి కోశాక దుక్కి లేకుండా వేసే మొక్కజొన్న ఇక్కడ ఫిబ్రవరిలో మనిషి ఎత్తు దాటి ఉంటుంది. కంచె ముప్పై అడుగులే కట్టాం, బ్లేడ్ వైరు స్థానంలో ప్లాస్టిక్ షీటు కత్తిరించి వెండి రంగు వేశాం.

ఈ సీన్ స్క్రిప్టులో రెండే లైన్లు: ‘చేలో నడుస్తారు. కుక్కల అరుపులు.’ చేలోకి దిగాక మాస్టారు నడుస్తూ నడుస్తూ ఒక కండె పట్టుకుని, పొత్తి కొంచెం చీల్చి, గింజను గోటితో నొక్కారు. ఎవరూ చెప్పలేదు. ‘పాలు ఇంకిపోయినై’ అని తనలో తను అనుకున్నారు. కట్ చెప్పబోయి ఆగిపోయాను. ఆరు వేల కిలోమీటర్ల అవతల, చీకట్లో, తనది కాని చేలో నడుస్తూ కూడా అతను రైతే. సినిమాలో కోటేశు పంట గురించి మాట్లాడే చివరి మాట అదే అవుతుంది.

పొలం యజమాని ఒక తప్పు పట్టుకున్నాడు. అక్టోబర్‌లో అక్కడ పంట కోతకు వచ్చి ఆకు ఎండి ఉంటుంది, మాది పచ్చి చేను. రాత్రి దృశ్యంలో రంగు తెలియకపోవచ్చు కానీ చప్పుడు తెలుస్తుంది. పచ్చి ఆకు మెత్తగా రాసుకుంటుంది, ఎండు ఆకు గలగలమంటుంది. ఆయనే వాళ్ల దొడ్లో ఎండిన పాత చొప్ప మోపులు చూపించాడు. సౌండ్ ఇంజినీర్ రెండు గంటలు ఆ చొప్పలో నడుస్తూ రికార్డు చేశాడు.

ఏరు దాటే సీన్ తీయలేదు. కాలువ దగ్గర లొకేషన్ చూశాం, లైఫ్ జాకెట్లు మాట్లాడాం. చివరికి పాపతో రాత్రి నీళ్లలో వద్దనుకున్నాం. కథకు లోటు లేదు. తడిసిన బట్టలు పిండుకుంటున్న షాట్ ఒకటి పెడితే నది దాటారని అర్థమవుతుంది.

ఫిబ్రవరి 24, గుంటూరు, ఎడిటింగ్

మొదటి కూర్పు 81 నిమిషాలు. పెట్టె భాగం 29 వచ్చింది. 24కు తేవాలి. ఎడిటర్‌తో మూడు రోజులు గొడవ. పద్నాలుగు మంది ముఖాల్లో ఎవరినీ వదులుకోలేకపోతున్నాను. చివరికి ఒక పాట లాంటి మ్యూజిక్ ముక్క ఉన్న చోట సంగీతం పూర్తిగా తీసేశాం. మ్యూజిక్ లేకపోతే షాట్లు అంత పొడుగు అక్కర్లేదని తేలింది. నాలుగు నిమిషాలు వాటంతటవే తగ్గాయి. పెట్టెలో ఇప్పుడు ఊపిరి, రబ్బరు, ఇనుము, గుసగుసలు. అంతే.

తలుపు తెరుచుకున్నాక ఏం కనిపించాలన్నది ఇంకా గొడవే. నిర్మాతల్లో ఒకరు ముగ్గురూ బతికి దిగడం చూపించమంటున్నారు. ఇంకొకరు ఒకరు పోవాలంటున్నారు. నేను తీసింది ఇలా ఉంది: తెల్లని వెలుతురు తెరంతా నిండుతుంది, "మల్లీ, నా చెయ్యి ఏదీ?" అన్న మాట మళ్లీ వినిపిస్తుంది, ఒక చిన్న చెయ్యి వచ్చి పెద్ద చెయ్యిని పట్టుకుంటుంది. సుజాత ఫ్రేములో ఉండదు. ఆమె ఎక్కడుందో వెతకడం చూసేవాళ్ల పని. మార్చను.

మార్చి 4, గుంటూరు

సౌండ్ మిక్సింగ్‌లో ఒకటి తేలింది. గడియ పడే చప్పుడు బాగాలేదు. షూటింగ్ రోజు స్పాంజి పట్టీ ఉండటంతో తలుపు మెత్తగా పడింది, రాడ్డు చప్పుడు కూడా పలచగా ఉంది. సినిమా పేరే అది, చూసేవాళ్ల ఛాతీలో తగలాలి.

మేస్త్రికి ఫోన్ చేశాను. పెట్టె ఇంకా విప్పలేదట, ప్యానెళ్లు అడిగినవాడు ఈ వారం చివర్లో వస్తానన్నాడట. అసలు రబ్బరు బీడింగ్ మళ్లీ బిగించి పెడతానన్నాడు. "లోపల మనుషులు లేకుండానే కదమ్మా?" అని రెండుసార్లు అడిగాడు. మైకు ఒక్కటే పెడతామని చెప్పాను.

రేపు తెల్లవారుజామున బయలుదేరాలి. ఆటోనగర్‌లో సుత్తులు మొదలయ్యేలోపు, ఆరింటికల్లా, రికార్డింగ్ అయిపోవాలి.